ఆటల పీరియడ్‌కు ప్రశ్నపత్రం వచ్చిన కథ

1871లో ఇంగ్లండ్ విద్యాశాఖ తన నిబంధనల పుస్తకంలో ఒక కొత్త వెసులుబాటు చేర్చింది. మగపిల్లలకు వారానికి రెండు గంటలకు మించకుండా, ఏడాదికి ఇరవై వారాలకు మించకుండా డ్రిల్లు చేయించవచ్చు, ఆ సమయాన్ని కూడా బడి హాజరు కిందే లెక్క కడతారు. దేశమంతటా ప్రాథమిక బడులు తెరవాలన్న ఫార్‌స్టర్ చట్టం వచ్చి అప్పటికి ఏడాదే అయింది. డ్రిల్లు నేర్పే పంతుళ్లు ఎవరూ లేరు. దాంతో సైన్యం నుంచి సార్జెంట్లను పిలిపించారు. వాళ్లకు రోజుకు ఆరు పెన్నీల కూలి, బడి దాకా నడిచి వచ్చినందుకు మైలుకో పెన్నీ బత్తెం. వరసలో నిలబడడం, కుడికి తిరగడం, ఎడమకు తిరగడం, అడుగులో అడుగు కలిపి నడవడం... పాఠమంతా ఇదే. పేదవాడల పిల్లలకు చెప్పిన మాట వినడం అలవాటు కావాలి, ఒంట్లో కాస్త బిగువు రావాలి. పాలకులు అంతకుమించి కోరుకోలేదు.

అదే దేశంలో నేడు పద్దెనిమిదేళ్ల విద్యార్థి వ్యాయామ విద్యను ఏ-లెవెల్‌లో ఒక ప్రధాన సబ్జెక్టుగా చదువుతున్నాడు. ఏ-లెవెల్ అంటే మన ఇంటర్ వయసు పిల్లల చదువే. రెండేళ్ల పాటు సాధారణంగా మూడు సబ్జెక్టులే లోతుగా చదివి, ఆ మార్కులతో విశ్వవిద్యాలయానికి వెళ్తారు. 2016లో మొదలైన ప్రస్తుత విధానంలో వ్యాయామ విద్యకు 70 శాతం మార్కులు రాత పరీక్షకు, 30 శాతం ప్రయోగ పరీక్షకు. పరుగెత్తేటప్పుడు గుండె నిమిషానికి పంపే రక్తం ఎందుకు పెరుగుతుంది, కండరంలో లాక్టేట్ ఎలా పేరుకుంటుంది, డిస్కస్ విసిరే మనిషి భుజానికి న్యూటన్ సూత్రాలు ఎలా వర్తిస్తాయి, ఓటమి భయం ఆటగాడి చూపును ఎలా కుదిస్తుంది... ఇవన్నీ ప్రశ్నలుగా వస్తాయి. పారిశ్రామిక విప్లవం తర్వాత ఇంగ్లండ్‌లో ఆటలు ఎలా మారాయన్నది కూడా పాఠ్యాంశమే.

కూలి సార్జెంటు నుంచి ఈ ప్రశ్నపత్రం దాకా నేరుగా దారి గీసి చూపడం చాలామందికి అలవాటు. మొదట డ్రిల్లు వచ్చింది, తర్వాత ఆటలొచ్చాయి, ఆ తర్వాత శాస్త్రం వచ్చిందని చెబుతారు. కాగితాలు తిరగేస్తే కథ అలా నడవలేదని తెలుస్తుంది. శరీరం గురించి చదవాల్సింది ఉందని, ఆ చదువుకు పుస్తకం, పరీక్ష, పట్టా ఉండాలని ఇంగ్లండ్‌కు గట్టిగా చెప్పినవాళ్లు సార్జెంట్లు కారు. కాలేజీ గడప తొక్కడమే గగనమైన రోజుల్లో ఆ పని ఆడవాళ్లు చేశారు.

ఆ చదువు మూలం స్వీడన్‌లో ఉంది. పందొమ్మిదో శతాబ్దం తొలి ఏళ్లలో పేర్ హెన్రిక్ లింగ్ లుండ్ విశ్వవిద్యాలయంలో కత్తిసాము నేర్పేవాడు. సాము చేస్తుంటే తన చేతి నొప్పి తగ్గడం గమనించాడు. ఆ సంగతిని అక్కడితో వదిలేయలేదు. శరీర నిర్మాణ శాస్త్రం ఉపన్యాసాలకు వెళ్లి కూర్చున్నాడు. ఏ కదలిక ఏ కీలు మీద, ఏ కండరం మీద పని చేస్తుందో చూసి, దాన్నిబట్టే కసరత్తుల్ని వరస పెట్టాడు. 1813లో ప్రభుత్వ సాయంతో స్టాక్‌హోంలో కేంద్ర జిమ్నాస్టిక్స్ సంస్థను తెరిచాడు. గోడకు బిగించిన కర్రల నిచ్చెనలు, బల్లలు, దూకే పెట్టెలు అక్కడి నుంచే ప్రపంచమంతా తిరిగాయి. పరికరాల కన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. కసరత్తు చేయించేవాడు ముందు ఒళ్లు ఎలా పనిచేస్తుందో చదివి ఉండాలన్న షరతును లింగ్ పెట్టాడు.

ఇంగ్లండ్‌లో కూడా ఇలా ఆలోచించిన మనిషి ఒకడున్నాడు. ఆర్చిబాల్డ్ మక్లారెన్ 1858లో ఆక్స్‌ఫర్డ్‌లో వ్యాయామశాల కట్టించి, 1860లో సైన్యం పంపిన పన్నెండు మంది సార్జెంట్లకు తర్ఫీదునిచ్చాడు. 1869లో వ్యాయామ విద్య మీద సిద్ధాంతం, ఆచరణ కలిపి పుస్తకం రాశాడు. సైన్యం ఆయన పద్ధతిని తీసుకుంది. బడులు మాత్రం ఆ చదువును వదిలేసి, సార్జెంటును మాత్రమే తెచ్చుకున్నాయి.

ఆడపిల్లల బడుల్లో సంగతి వేరు. సార్జెంటును అక్కడికి పంపడం కుదరదు. లండన్ స్కూల్ బోర్డు ఆడపిల్లల కోసం స్టాక్‌హోం వైపు చూసింది. ముందు కాంకోర్డియా లోఫ్‌వింగ్ వచ్చింది. 1881లో ఆమె స్థానంలో మార్టినా బెర్గ్‌మన్ చేరింది. తర్వాత పెళ్లితో ఓస్టర్‌బర్గ్ అన్న ఇంటిపేరు కలిసింది. వయసు ముప్పై రెండు, లింగ్ సంస్థ నుంచి అప్పుడే పట్టా పుచ్చుకుంది. కొన్నేళ్లలోనే లండన్ బడుల్లో వెయ్యిమందికి పైగా ఉపాధ్యాయినులకు స్వీడిష్ కసరత్తులు నేర్పింది. నేర్పుతూ నేర్పుతూ ఆమెకు ఒక విషయం స్పష్టమైంది. ఇరుకు గదుల్లో, చాలీచాలని తిండి తినే పిల్లలకు వారానికి రెండుసార్లు చేతులూపించినంత మాత్రాన ఒరిగేది తక్కువ. ఈ పనికే అంకితమయ్యే ఉపాధ్యాయినులు కావాలి, వాళ్లకు పూర్తికాలపు చదువు కావాలి.

1885లో హాంప్‌స్టెడ్‌లోని ఒక ఇంట్లో ఆమె కాలేజీ పెట్టింది. రెండేళ్ల చదువు. శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం, ఆరోగ్య శాస్త్రం, కదలికల సిద్ధాంతం, వాటితోపాటు కసరత్తు, ఈత, నృత్యం, ఆటలు. పొద్దున పుస్తకంలో చదివిన భుజం కీలును మధ్యాహ్నం వ్యాయామశాలలో తమ ఒంటి మీదే పరీక్షించుకోవాలి. ఇష్టారాజ్యంగా నడిచే కాలేజీ కాదది. మేడమ్ కఠినురాలు. సరిపోరనుకున్నవాళ్లను మొహమాటం లేకుండా ఇంటికి పంపేసేది.

ఆ కాలేజీ ఎంత సాహసమో తెలియాలంటే ఆనాటి వైద్యులు ఏం రాసేవారో గుర్తుచేసుకోవాలి. 1874లో పేరుమోసిన డాక్టర్ హెన్రీ మాడ్‌స్లీ ఒక పత్రికా వ్యాసంలో, ఆడవాళ్లు మగవాళ్లతో సమానంగా చదివితే వాళ్ల శరీరం ఆ బరువు మోయలేదని వాదించాడు. ఇంగ్లండ్‌లో తొలి మహిళా వైద్యుల్లో ఒకరైన ఎలిజబెత్ గ్యారెట్ ఆండర్సన్ ఆ ఏడే అతనికి జవాబు రాసింది. చదువు వల్ల కాదు, పనీపాటా లేకుండా కూర్చోబెట్టడం వల్లే ఆడపిల్లలు నీరసిస్తున్నారని తిప్పికొట్టింది. ఓస్టర్‌బర్గ్ కాలేజీ ఆ జవాబుకు సజీవ రుజువైంది. మహిళల ఓటుహక్కును సమర్థించిన ఓస్టర్‌బర్గ్ తన విద్యార్థినులకు ఒక వృత్తినీ, సొంత జీతాన్నీ ఇచ్చింది. అందుకే ఇక్కడ వ్యాయామ విద్య మొదటినుంచీ చదువుగానే పుట్టింది. శరీరం గురించి ఇతరులు చెప్పే అబద్ధాలను శాస్త్రంతో ఎదుర్కోవాల్సిన అవసరం ఆడవాళ్లకు ఉంది. మగవాళ్లకు ఆ అవసరం రాలేదు కాబట్టే వాళ్ల డ్రిల్లు చాలాకాలం డ్రిల్లుగానే మిగిలిపోయింది.

1895లో కాలేజీ కెంట్ జిల్లాలోని డార్ట్‌ఫర్డ్‌కు మారింది. అంతకుముందే, 1892లో, మేరీ టెయిట్ అనే విద్యార్థిని పొడుగు గౌన్లకు బదులు కదలడానికి వీలైన పొట్టి ట్యూనిక్ తయారుచేసింది. తర్వాతి తరాల్లో ఇంగ్లండ్ బడుల్లో ఆడపిల్లల యూనిఫాం అయింది అదే. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ కనిపెట్టిన బాస్కెట్‌బాల్ రెండేళ్లకే ఒక అమెరికన్ అతిథి ద్వారా హాంప్‌స్టెడ్‌కు చేరింది. ఆ అమ్మాయిలు నిబంధనలు మార్చి, కొట్టి, తిరగరాసి దాన్ని నెట్‌బాల్‌గా మలిచారు. ఓస్టర్‌బర్గ్ శిష్యురాళ్లు, వాళ్ల బాటలో నడిచినవాళ్లు ఆన్‌స్టీ, చెల్సీ, బెడ్‌ఫర్డ్ కాలేజీలు తెరిచారు. 1899లో లింగ్ పేరుతో ఉపాధ్యాయినుల సంఘం పెట్టుకున్నారు. నెట్‌బాల్ నిబంధనలను 1901లో అచ్చువేసింది ఆ సంఘమే. మగ వ్యాయామ ఉపాధ్యాయులకు పూర్తిస్థాయి కాలేజీ కావాలంటే మాత్రం 1933లో లీడ్స్‌లో కార్నెగీ కాలేజీ తెరిచేదాకా ఆగాల్సి వచ్చింది. దాదాపు అర్ధ శతాబ్దపు అంతరం!

ఈలోగా ప్రభుత్వాన్ని కుదిపేసింది యుద్ధం. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్లతో పోరు మొదలైనప్పుడు మాంచెస్టర్‌లో సైన్యంలో చేరతామని వచ్చిన వాళ్లలో మూడింట రెండు వంతుల మందిని ఒళ్లు సరిపోదని వెనక్కి పంపారు. మిల్లుల పొగలో, పస్తులతో పెరిగిన ఒళ్లవి. భయపడిపోయిన ప్రభుత్వం 1902లో బడులకు ఒక నమూనా డ్రిల్లు పాఠ్యక్రమం పంపింది. సైనిక శిక్షణ పుస్తకాన్నే కాస్త మార్చి పిల్లల చేతికిచ్చినట్టుంది అది. వయసును బట్టి, ఆడమగ తేడాను బట్టి కసరత్తు మారాలన్న ఇంగితం అందులో లేదు. లింగ్ సంఘపు ఉపాధ్యాయినులు ఒప్పుకోలేదు. రెండేళ్లకే ఆ పాఠ్యక్రమాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. 1904లో కొత్త సిలబస్ వచ్చింది. 1909లో వచ్చిన దానికి స్వీడిష్ పద్ధతే ప్రాతిపదిక. అప్పటికి బడిపిల్లలకు భోజనం పెట్టే చట్టం, వైద్య పరీక్షలు చేయించే చట్టం కూడా వచ్చాయి. విద్యాశాఖ ప్రధాన వైద్యాధికారి జార్జ్ న్యూమన్ చేతికి వ్యాయామ విద్య వెళ్లింది. సైన్యం నీడ నుంచి అది వైద్యం నీడలోకి జరిగింది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంట్లోనే తగువు మొదలైంది. జర్మనీ నుంచి వలసొచ్చిన నృత్య సిద్ధాంతవేత్త రుడాల్ఫ్ లాబాన్ ప్రభావంతో మహిళా కాలేజీలు కదలికను ఒక భావవ్యక్తీకరణగా చూడసాగాయి. ప్రతి పిల్ల తన కదలికను తానే కనుక్కోవాలన్నది వాళ్ల మాట. మగ కాలేజీలు కొలతల వైపు మొగ్గాయి. లీడ్స్ విశ్వవిద్యాలయంలో మోర్గన్, ఆడమ్‌సన్ 1953లో రూపొందించిన సర్క్యూట్ ట్రైనింగ్ ఆ ధోరణికి మంచి ఉదాహరణ. ఇవాళ మన ఊరి జిమ్‌లో కూడా వినిపించే మాటే ఇది. ఒక్కో కసరత్తు ఎన్నిసార్లు, ఎంత వ్యవధిలో చేశారో రాసుకుని, పెరుగుదలను లెక్కగట్టే పద్ధతి. ఇరువర్గాలూ ఒకరినొకరు అర్థం చేసుకోలేకపోయాయి. పోనుపోను కొలతల వైపే మొగ్గు పెరిగింది. నేటి ఏ-లెవెల్ పుస్తకంలో శరీర ధర్మ శాస్త్రానికి పెద్దపీట ఉండి, నృత్యం అంచున నిలబడడానికి బీజం అక్కడే పడింది. ఇది తీరని నష్టం. కదలిక అందం గురించి ఆలోచించిన తరం రాసిన పాఠాలు ఆ పుస్తకంలో మరికొన్ని ఉండాల్సింది.

1946లో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం వ్యాయామ విద్యను బీఏలో ఒక సబ్జెక్టుగా చేర్చింది. 1963 నాటి రాబిన్స్ నివేదిక తర్వాత ఉపాధ్యాయ శిక్షణ బీఈడీ డిగ్రీగా మారసాగింది. డిగ్రీ అంటే సిద్ధాంతం ఉండాలి, గ్రంథాలయం ఉండాలి, పరీక్ష ఉండాలి. వ్యాయామ ఉపాధ్యాయులు మిగతా పంతుళ్లతో సమానంగా చదివి వస్తున్నారు కానీ, బడిలో వాళ్ల పాఠానికి మార్కుల్లేవు. ఆ సమయంలోనే తత్వవేత్త ఆర్.ఎస్.పీటర్స్ 1966లో వెలువడిన విద్యా నీతి గ్రంథంలో ఒక పదునైన మాట అన్నాడు. చరిత్ర, విజ్ఞాన శాస్త్రం చదివితే జీవితంలో మిగతావన్నీ కొత్త వెలుగులో కనిపిస్తాయి, ఆటల్లోని తెలివి మాత్రం ఆ ఆటతోనే ఆగిపోతుందన్నాడు. ఆ మాట వ్యాయామ విద్య పంతుళ్లకు గుచ్చుకుంది. వాళ్ల జవాబు రెండు దశాబ్దాల పాటు పరీక్షల రూపంలో వచ్చింది.

ముందుగా దారి ఇచ్చింది సీఎస్ఈ. 1965లో మొదలైన ఈ పరీక్ష, పదహారేళ్లకు రాసే అప్పటి ఓ-లెవెల్ కఠినంగా అనిపించే పిల్లల కోసం పెట్టింది. బడిలోని ఉపాధ్యాయుడే సిలబస్ రాసి, తానే మూల్యాంకనం చేసే వీలు అందులో ఉండేది. 1970ల్లో వ్యాయామ ఉపాధ్యాయులు ఆ వెసులుబాటును అందిపుచ్చుకున్నారు. 1975లో లివర్‌పూల్ పాలిటెక్నిక్ క్రీడా శాస్త్రంలో డిగ్రీ ప్రారంభించింది. కింద సీఎస్ఈ, పైన డిగ్రీ ఉన్నాయి, మధ్యలో రెండేళ్లు ఖాళీ. 1986లో అసోసియేటెడ్ ఎగ్జామినింగ్ బోర్డు కొన్ని బడుల్లో ఏ-లెవెల్ వ్యాయామ విద్యను ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. తొలి పరీక్షలు 1988లో జరిగాయి. ఓ-లెవెల్, సీఎస్ఈల స్థానంలో వచ్చిన జీసీఎస్ఈలోనూ వ్యాయామ విద్య తొలి పరీక్ష ఆ ఏడే.

అందరూ చప్పట్లు కొట్టలేదు. పిల్లలు స్వేచ్ఛగా ఊపిరి పీల్చుకునే ఒకే ఒక్క గంటను కూడా మార్కులకు అప్పజెబుతారా అని చాలామంది ఉపాధ్యాయులే అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయముంది. అయితే బడిలో అందరికీ ఉండే ఆటల గంట ఎక్కడికీ పోలేదు. కొత్త సబ్జెక్టు కోరుకున్నవాళ్లకే. అసలు చిక్కు వేరేచోట వచ్చింది. ఈతగత్తెను ఫుట్‌బాల్ ఆటగాడితో పోల్చి మార్కులెలా వేయడం? పర్వతారోహణకూ బ్యాడ్మింటన్‌కూ ఒకే కొలబద్ద ఎక్కడ దొరుకుతుంది? ఒక్కో ఆటకు నైపుణ్యాలనూ, ఎత్తుగడలనూ విడదీసి ప్రమాణాలు రాయడం, బడులు తిరిగి మార్కులు సరిచూసే పరీక్షకులను పంపడం, వీడియోలు తీయించడం... ఇలా బోర్డులు దారి వెతుక్కున్నాయి. ప్రస్తుత ఏ-లెవెల్‌లో ఆడడం లేదా శిక్షణ ఇవ్వడం, రెండింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. దానితోపాటు ఆటలో లోపాలను పట్టుకుని, వాటికి కారణమేమిటో, ఎలా దిద్దుకోవాలో సిద్ధాంతంతో ముడిపెట్టి వివరించాలి. పీటర్స్ లేవనెత్తిన సందేహానికి దీటైన సమాధానం ఈ భాగంలోనే ఉంది. సర్వీస్ ఎందుకు నెట్‌కు తగులుతోందో భుజం కీలు నుంచి మనసు దాకా వెళ్లి వివరించగలిగిన పిల్ల ఆటను దాటి చాలా దూరం చూసినట్టే.

ఇక మన వైపు చూస్తే, నైస్మిత్ బాస్కెట్‌బాల్ కనిపెట్టిన స్ప్రింగ్‌ఫీల్డ్ వైఎంసీఏ కాలేజీకీ తెలుగు నేలకూ బంధముంది. ఆ కాలేజీలో చదివిన హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ 1920లో మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ విద్యా పాఠశాల ప్రారంభించాడు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు మేనేజరు కూడా ఆయనే. మద్రాసు రాష్ట్రంలో భాగమైన ఆంధ్ర జిల్లాల హైస్కూళ్లకు బక్ పాఠశాలలో తర్ఫీదైన ఉపాధ్యాయులు వచ్చారు. బక్ రాకముందే మద్రాసు సైదాపేటలో ఇలాంటి శిక్షణ ఉండేది. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు అక్కడ ఏడాది చదివి, విజయనగరం హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరాడు. ఛాతీ మీద ఏనుగును నిలబెట్టుకున్న సర్కస్ మల్లుడిగానే ఆయన్ను గుర్తుంచుకున్నాం. ముందు ఆయన బడి పంతులు!

నిజాం రాజ్యంలో 1931లో ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల ఏర్పడింది. హైదరాబాద్ దోమలగూడలోని ఆ కళాశాల నేటికీ నడుస్తోంది. ఈ నగరపు బడుల నుంచే సయ్యద్ అబ్దుల్ రహీమ్ వచ్చాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేసి, కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పినవాడు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్‌కు స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన చేతుల మీదుగానే వచ్చాయి. బంతిని కాళ్ల దగ్గరే తిప్పుకోకుండా వెంటనే అందించాలన్న నిబంధనతో, బలహీనమైన కాలితోనే తన్నాలన్న నిబంధనతో పోటీలు పెట్టి పిల్లల్ని తయారుచేసేవాడు. ఆటను విడగొట్టి, లోపమున్న ముక్కను పట్టుకుని, దానికి తగ్గ అభ్యాసం రాయడమే ఇది. ఏ-లెవెల్ విద్యార్థి నుంచి నేడు పరీక్షకులు కోరేది కూడా ఇదే.

మన దగ్గర పదకొండు, పన్నెండు తరగతుల్లో వ్యాయామ విద్యను ఐచ్ఛిక సబ్జెక్టుగా ఇస్తోంది సీబీఎస్ఈ. అక్కడా రాతకు 70, ప్రయోగానికి 30 మార్కులే. నాకౌట్, లీగ్ పోటీల పట్టికలు వేయడం, యోగాసనాలు, ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ఆటలు, క్రీడా గాయాలు, బయోమెకానిక్స్, మనస్తత్వ శాస్త్రం పాఠాలు. ప్రయోగంలో దేహదారుఢ్య పరీక్ష, ఒక ఆటలో నైపుణ్యం, యోగా, రికార్డు పుస్తకం, మౌఖిక పరీక్ష. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సీబీఎస్ఈ బడిలో చదివే పిల్లలు దీన్ని తీసుకునే వీలుంది. రాష్ట్ర ఇంటర్మీడియట్‌లో ఎంపీసీ, బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ గ్రూపుల్లో ఏది ఎంచుకున్నా ఈ సబ్జెక్టు ఉండదు. తెలుగు పల్లెల్లో సాయంత్రం వాలీబాల్ నెట్ కట్టని ఊరు అరుదు. జిల్లా పరిషత్ హైస్కూలు పీఈటీ గారి చేతుల్లో తయారై రాష్ట్రస్థాయి కబడ్డీకి, ఖోఖోకు వెళ్లొచ్చిన అమ్మాయి ఇంటర్‌లో అడుగుపెట్టగానే ఆ విద్యకు చదువుతో ఉన్న తాడు తెగిపోతుంది. తన మోకాలు ఎందుకు నొప్పెడుతోందో, తన దమ్ము ఎలా పెరుగుతుందో చెప్పే పాఠం ఆమెకు కావాల్సిన వయసు అదే. అది మళ్లీ దొరకాలంటే ఇంటర్ ముగించి పీఈసెట్ రాసి డీపీఈడీలోనో, డిగ్రీ కూడా పూర్తి చేసి బీపీఈడీలోనో చేరాలి.